నా క్లాసులో పందొమ్మిది మందే, దీన్ని పరిశోధన అంటారా?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో బి.ఇడి. చదివి, ఆరేళ్లు లెక్కలు చెప్పి, పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాను. నాలుగేళ్లుగా ఇక్కడి ఒక ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలో, జీసీఎస్‌ఈ (పదహారో ఏట రాసే, మన పదో తరగతి లాంటి పరీక్ష) లెక్కలు తప్పి మళ్లీ రాసే పిల్లలకు పాఠం చెబుతున్నాను. అధ్యాపకులే పరిశోధన చేయాలంటూ మా కాలేజీ ఈ ఏడాది ఒక చిన్న పథకం పెట్టి, నన్ను అందులో చేర్చి, వచ్చే జనవరి నుంచి వారానికి రెండు గంటల బోధన తగ్గిస్తోంది. కొత్తగా కొన్న లెక్కల సాఫ్ట్‌వేర్ వల్ల ఫలితాలు మెరుగయ్యాయని జూన్‌కల్లా చూపించాలని మా మేనేజరు కోరుతున్నారు. నాకున్నది ప్లంబింగ్, తాపీ పని నేర్చుకునే పందొమ్మిది మంది. ఇంత తక్కువ మందితో చేసేది పరిశోధన అవుతుందా? నా పిల్లల మీద నేనే పరిశోధన చేయడం సబబేనా? "అది రిపోర్టు, రీసెర్చ్ కాదు" అని మా వారు తేల్చేశారు. అన్నట్టు, రుణ సంఖ్యల దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు, సాఫ్ట్‌వేర్ ఎర్రగుర్తు చూపించగానే తరువాతి లెక్కకు వెళ్లిపోతారు.

సమాధానం: మీ వారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన సగం సరిగ్గానే చెప్పారు. చివరికి ఏమి తేలాలో ముందే నిర్ణయించి, దానికి తగిన అంకెలు ఏరుకు రమ్మంటే, పందొమ్మిది మందితో చేసినా పందొమ్మిది వేల మందితో చేసినా అది రిపోర్టే అవుతుంది. ఆయన పొరబడిందల్లా మీ తరగతి చిన్నది కాబట్టి అక్కడ పరిశోధన పుట్టదనుకోవడంలో. మేనేజరు గారి జూన్ గడువు గురించి కూడా ఒక మాట. మీ పిల్లలు జీసీఎస్‌ఈ రాసేది మే, జూన్ నెలల్లో, ఫలితాలు వచ్చేది ఆగస్టులో. ఆగస్టులో రావలసిన మెరుగుదలను జూన్‌లో చూపించమంటున్నారంటే, ఆయనకు కావలసింది జవాబు కాదు, ధ్రువపత్రం. ఆయనను తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు, సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఖర్చుపెట్టిన మనిషి ఇబ్బంది ఆయనకు ఉంటుంది. కానీ ఆ ఇబ్బందిని మీ పరిశోధన ప్రశ్నగా నెత్తికెత్తుకోకండి.

పరిశోధన అంటే ఏమిటన్న ప్రశ్నకు నాకు తెలిసిన సూటి జవాబు లారెన్స్ స్టెన్‌హౌస్ ఇచ్చినది. నార్విచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో 1970 నుంచి పనిచేసిన ఆయన, పాఠం చెప్పేవారే పరిశోధకులు కావాలన్న ఆలోచనకు ఇంగ్లండ్‌లో గట్టి పునాది వేశారు. ఒక పద్ధతి ప్రకారం సాగే విచారణను నలుగురి ముందు పెడితే అదే పరిశోధన అన్నది ఆయన నిర్వచన సారాంశం. విచారణ ఉండాలి, దానికి పద్ధతి ఉండాలి, ఇతరులు తప్పుపట్టగలిగేలా అది బయటికి రావాలి. ఇంత మంది ఉండాలన్న షరతు అందులో ఎక్కడా లేదు. మీరు బి.ఇడి.లో చర్యాత్మక పరిశోధన (తన తరగతి సమస్య మీద టీచరే ఒక మార్పు చేసి చూసే యాక్షన్ రీసెర్చ్) రికార్డు రాసే ఉంటారు. మన దగ్గర చాలామందికి అది సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత రికార్డు, ఒక రాత్రి, రెండు రంగుల స్కెచ్ పెన్నులు. సమస్య, కారణాలు, పరికల్పన (ఇలా చేస్తే ఇలా జరుగుతుందన్న అంచనా), చర్య, ఫలితం అన్న వరుసలో ప్రతి రికార్డూ విజయంతోనే ముగుస్తుంది, ఒక్క పరికల్పన కూడా తప్పినట్టు నేను ఎక్కడా చదవలేదు. ఆ అనుభవం వల్లనే ఈ పని మీద మీకు లోలోపల కొంత చులకన భావం మిగిలిందేమోనని నా అనుమానం. ఆ వరుస చెడ్డది కాదు. అందులో నిజంగా తెలియని విషయమంటూ ఒక్కటీ లేకపోవడమే దాని లోపం.

ఈ శీర్షిక చదివేవారిలో ఎక్కువమందికి ఎఫ్‌ఈ, అంటే ఫర్దర్ ఎడ్యుకేషన్, కాలేజీ ఏమిటో తెలియదు కాబట్టి రెండు మాటలు. మన ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంటర్ కాలేజీ, వయోజనుల రాత్రిబడి, వలస వచ్చినవారికి ఇంగ్లీషు నేర్పే కేంద్రం, ఇవన్నీ ఒకే కప్పు కింద ఉన్నట్టు ఊహించుకోండి. 1993 ఏప్రిల్ 1న ఈ కాలేజీలు స్థానిక ప్రభుత్వాల చేతుల్లోంచి బయటపడి స్వతంత్ర సంస్థలయ్యాయి. 2005లో సర్ ఆండ్రూ ఫాస్టర్ ఈ రంగాన్ని సమీక్షించినప్పుడు, బడులకూ విశ్వవిద్యాలయాలకూ నడుమ ఎవరూ పట్టించుకోని నడిమి సంతానంతో దీన్ని పోల్చారు. పరిశోధన విషయంలో ఆ పోలిక మరీ సరిపోతుంది. విద్య మీద పరిశోధించేవారి చూపు ఎక్కువగా బడుల మీదా విశ్వవిద్యాలయాల మీదా ఉంటుంది, ఎఫ్‌ఈ అధ్యాపకుల ఉద్యోగ ఒప్పందంలో సాధారణంగా పరిశోధనకంటూ గంటలు ఉండవు. అయినా పని ఆగలేదు. లెర్నింగ్ అండ్ స్కిల్స్ రీసెర్చ్ నెట్‌వర్క్ 1997 నుంచి ప్రాంతాలవారీగా, చాలావరకు స్వచ్ఛందంగానే, ఇలాంటి అధ్యాపకులను ఒకచోట చేరుస్తూ వచ్చింది. ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ ఫౌండేషన్, సండర్‌లాండ్ విశ్వవిద్యాలయం కలిసి నడిపిన కార్యక్రమంలో కాలేజీ అధ్యాపకులు తమ తరగతి గదుల మీదే ఎం.ఫిల్. దాకా పనిచేశారు. మీ విషయానికి మరింత దగ్గరది, 2018లో మొదలై 2023 వరకు సాగిన లెక్కల ప్రావీణ్య కేంద్రాల పథకం. అందులో చేరిన 21 కాలేజీలలో అధ్యాపకులు చేసిన చర్యాత్మక పరిశోధన, అచ్చంగా మీ పిల్లల్లాంటి పిల్లలతోనే చేసినది. మీరు ఒంటరి కాదని చెప్పడానికే ఇదంతా.

ఇక మీ పిల్లల సంగతి. వృత్తి విద్య మీద ఆలిసన్ వుల్ఫ్ నివేదిక 2011లో వచ్చాక, 2014 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో ఒక షరతు అమలవుతోంది. పదహారో ఏట జీసీఎస్‌ఈ లెక్కల్లోనో ఇంగ్లీషులోనో ఇప్పటి లెక్క ప్రకారం గ్రేడ్ 4 (గట్టెక్కినట్టు లెక్కించే గ్రేడు) రాని విద్యార్థి ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి, లేకపోతే అతని మీద కాలేజీకి వచ్చే నిధులకు కోత పడుతుంది. అలా మళ్లీ రాసేవారిలో, పదిహేడేళ్లు, ఆపై వయసువాళ్లను తీసుకుంటే, 2024 వేసవిలో లెక్కల్లో గ్రేడ్ 4 గానీ అంతకు మించి గానీ తెచ్చుకున్నవారు నూటికి ఇరవై మంది కూడా లేరు. అంటే మీ ముందు కూర్చున్న పందొమ్మిది మందిలో ముగ్గురో నలుగురో గట్టెక్కడం దేశంలో మామూలు విషయం. ఈసారి అయిదుగురు గట్టెక్కితే అది సాఫ్ట్‌వేర్ మహిమా, మీ పాఠమా, ఆ అయిదో కుర్రాడి అదృష్టమా అన్నది మీరే కాదు, ఎవరూ చెప్పలేరు. మీ సంఖ్యకున్న అసలు పరిమితి ఇదే. "ఫలితాలు పెరిగాయా" అన్న ప్రశ్నకు పందొమ్మిది మంది చాలరు. "ఇక్కడ ఏమి జరుగుతోంది" అన్న ప్రశ్నకు ఆరుగురు కూడా చాలా ఎక్కువ.

దీన్ని నేను నేర్చుకున్నది తలవంపుల మీద. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక కాలేజీలో కొత్తగా చేరిన రోజుల్లో, అక్టోబరు పరీక్షలో అట్టడుగున ఉన్న ఎనిమిది మందిని ఏరి, ఆరు వారాలు విడిగా కూర్చోబెట్టి చెప్పి, డిసెంబరులో మళ్లీ పరీక్ష పెట్టాను. సగటు బాగా పెరిగింది. సిబ్బంది సమావేశంలో గ్రాఫు కూడా చూపించాను. స్టాటిస్టిక్స్ చెప్పే సహోద్యోగి ఒకాయన టీ తాగుతూ, "అక్టోబరులో పైన ఉన్న ఎనిమిది మంది డిసెంబరులో ఏమయ్యారో చూశావా?" అని అడిగారు. చూడలేదు. ఇంటికి వెళ్లి చూస్తే వాళ్ల సగటు కొంచెం తగ్గి ఉంది. పరీక్ష రోజున ఒకడు రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఉంటాడు, ఒకతెకు ఒంట్లో బాగుండి ఉండదు. ఆ ఒక్క రోజు మార్కును బట్టి అడుగువాళ్లను ఏరితే, మనం ఏమీ చేయకపోయినా మరుసటిసారి వాళ్లు కొంత పైకి వస్తారు, పైనున్నవాళ్లు కొంత దిగుతారు. నా ఆరు వారాల పాఠం దండగని దీని అర్థం కాదు, నా గ్రాఫు దాని సంగతి ఏమీ చెప్పలేదని మాత్రమే అర్థం. ఆ తరువాత పంచిన ప్రశ్నావళి కథ ఇంకా అన్యాయం. అందరూ "చాలా ఉపయోగపడింది" దగ్గరే టిక్కు పెట్టారు, కారణం అడిగితే అవతల బ్రేక్ టైమ్ అయిపోతోందన్నారు.

కాబట్టి ప్రశ్న మార్చండి. సాఫ్ట్‌వేర్ అన్న విషయాన్ని వదిలిపెట్టనక్కరలేదు, మేనేజరు గారి మాట కాదన్నట్టూ ఉండదు. మీరు ఉత్తరం చివర యథాలాపంగా రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది: "రుణ సంఖ్యల దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు, సాఫ్ట్‌వేర్ ఎర్రగుర్తు చూపించగానే తరువాతి లెక్కకు వెళ్లిపోతారు." మీ పరిశోధన అక్కడుంది.

ఆ తప్పును కాస్త దగ్గరగా చూద్దాం. నా క్లాసులో తాపీ పని నేర్చుకునే ఒక కుర్రాడు −3 − 5 = 8 అని రాశాడు. లెక్క రాదనుకుని సంఖ్యారేఖ గీసి మొదటినుంచి చెప్పబోయి, ఎందుకో ఆగి, ఎలా వచ్చిందని అడిగాను. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ కదా సార్" అన్నాడు, నాకే తెలియదా అన్నట్టు చూస్తూ. అంటే వాడు మరిచిపోలేదు. పన్నెండో ఏట చెప్పినదాన్ని గట్టిగా గుర్తుపెట్టుకున్నాడు. మనం చిన్నప్పుడు "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అని వల్లెవేశాం, ఆ వల్లెలో "ఇంటూ" ఉంది కాబట్టి అది గుణకారానికి సంబంధించిన సూత్రమని చెవికైనా తెలుస్తుంది. ఇక్కడి బడుల్లో పిల్లల నోట నలిగే మాటలో రెండు మైనస్‌లు ఉన్నాయి గానీ, వాటి మధ్య ఏ పని జరుగుతోందో లేదు. అదే కుర్రాణ్ని, రాత్రి మైనస్ మూడు డిగ్రీలుంది, తెల్లారేసరికి ఇంకో అయిదు పడిపోయింది, ఇప్పుడెంత అని అడిగితే, తల ఎత్తకుండా మైనస్ ఎనిమిది అన్నాడు. చలిలో గోడ కట్టేవాడికి అది తెలియకపోవడమేమిటి! సరైన జవాబు, తప్పు జవాబు రెండూ ఒకే తలలో, ఒకదాన్నొకటి ఎరగకుండా కాపురముంటున్నాయి. మీ సాఫ్ట్‌వేర్‌కు ఇందులో తెలిసేది 8 తప్పు అన్న ఒక్క ముక్కే.

అందువల్ల నేనైతే ప్రశ్నను ఇలా రాసుకుంటాను: రుణ సంఖ్యల కూడిక, తీసివేతల్లో సాఫ్ట్‌వేర్ తప్పు చూపించాక మొదటి రెండు నిమిషాల్లో నా విద్యార్థులు ఏమి చేస్తున్నారు, ఆ రెండు నిమిషాలను నేను ఎలా మార్చగలను? దీనికి జవాబు మీకు ఇప్పుడు తెలియదు, మీ మేనేజరుకూ తెలియదు, సాఫ్ట్‌వేర్ అమ్మినవారికీ తెలియదు.

జనవరి మొదటి రెండు వారాలు దేన్నీ మార్చకండి. కొత్తగా పరిశోధనలోకి దిగినవారందరికీ మొదటి రోజే వైద్యం మొదలుపెట్టాలన్న ఆత్రం ఉంటుంది, రోగి నాడి చూసే ఓపిక ఉండదు. ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీని నిలువునా రెండుగా మడవండి. ఎడమవైపు కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే రాయాలి, కుడివైపు మీకు తోచింది రాయాలి. "విసుగ్గా ఉన్నాడు" అన్నది కుడివైపు మాట, "మూడు లెక్కలకు పది సెకన్లలో జవాబు నొక్కాడు" అన్నది ఎడమవైపు మాట. ఈ రెండూ కలిసిపోతేనే మనం చూడాలనుకున్నది మాత్రమే చూస్తాం. క్లాసు అయిన పది నిమిషాల్లో రాయాలి, సాయంత్రానికి వాయిదా వేస్తే సగం పోతుంది. తరువాత ఒప్పుకున్న ఆరుగురిని ఒక్కొక్కరిగా పది నిమిషాలు కూర్చోబెట్టి, లెక్క చేస్తున్నంతసేపూ మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమనండి. మధ్యలో సరిదిద్దకుండా ఉండటం మీకు ఎంత కష్టమో మొదటి కుర్రాడి దగ్గరే తెలుస్తుంది.

ఆ తరువాతే ఒకే ఒక్క మార్పు చేయండి. ఇందుకు పాత సామగ్రి ఒకటి చెబుతాను. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కం స్వాన్ ఎఫ్‌ఈ అధ్యాపకులతో ఏళ్ల తరబడి పనిచేసి రూపొందించిన లెక్కల సామగ్రిని, 2005లో ప్రభుత్వం ఒక పెట్టెలో పెట్టి ఇంగ్లండ్‌లోని కాలేజీలకు పంపింది. మీ విభాగం అల్మారాలో అడుగున ఉన్నా ఆశ్చర్యపోను. అందులో ఒక పద్ధతి ఏమిటంటే, చీటీల మీద వాక్యాలు రాసి, అవి ఎప్పుడూ నిజమా, కొన్నిసార్లు నిజమా, ఎన్నడూ కాదా అని పిల్లలు ఉదాహరణలతో వాదించుకుని తేల్చాలి. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అన్న వాక్యాన్నే చీటీ మీద రాసి వాళ్ల మధ్య పడేయండి. ఆపైన, సాఫ్ట్‌వేర్‌లో ఎర్రగుర్తు వచ్చిన ప్రతిసారీ తరువాతి లెక్కకు వెళ్లేముందు, ఆ జవాబు తనకు ఎలా వచ్చిందో కాగితం మీద ఒక్క వాక్యం రాయమనండి. నాలుగు వారాలు చాలు. ముందూ తరువాతా రాసిన కాగితాల మీది తేదీలు మూసేసి, కలిపేసి, వాటిలో వివరణలు ఎలా ఉన్నాయో వర్గీకరించమని తోటి అధ్యాపకురాలిని అడగండి. ఏది ముందుదో ఏది తరువాతదో తెలియని కళ్లు మీ కళ్లకంటే నిజాయితీగా చూస్తాయి. సగం మందికి ఈ పద్ధతి ఇవ్వకుండా ఆపి పోల్చాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఇంత చిన్న తరగతిలో దానివల్ల తేలేదేమీ లేదు, ఆగిపోయిన పిల్లలకు పరీక్ష మాత్రం మేలోనే వస్తుంది.

మీ రెండో ప్రశ్న అన్నిటికంటే బరువైనది. పాఠం మెరుగ్గా చెప్పడానికి పిల్లల అనుమతి అక్కరలేదు, అది మీ ఉద్యోగమే. కానీ వాళ్ల మాటలను, వాళ్ల కాగితాలను మీ పాఠం కోసం కాక ఇతరులకు చూపే రచన కోసం వాడుకునే క్షణం నుంచి అనుమతి కావాలి. మార్కులు వేసేది, హాజరు రాసేది, యజమానికి సిఫారసు మాట చెప్పేది మీరే అయినప్పుడు, మీరు అడిగితే కాదనడం పదిహేడేళ్ల కుర్రాడికి సులువు కాదు. బ్రిటిష్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అసోసియేషన్ నైతిక మార్గదర్శకాలు ఇలాంటి రెండు పాత్రల చిక్కు గురించి హెచ్చరిస్తాయి, పని మొదలుపెట్టేముందు వాటిని ఒకసారి చదవండి. అంగీకార పత్రం మీరు కాక మరొకరు ఇచ్చి, మరొకరే తీసుకోవడం మేలు. కాగితాల విషయంలోనైతే ఎవరు వద్దన్నారో కోర్సు ముగిసేదాకా మీకు తెలియకుండా కూడా చేయవచ్చు. మధ్యలో మనసు మార్చుకోవచ్చని, దానికి కారణం చెప్పనక్కరలేదని పత్రంలో వాళ్లకు అర్థమయ్యే భాషలో రాయండి. ప్రత్యేక అవసరాలున్న విద్యార్థులు ఉంటే, పెద్దలకు తెలియజేయడంపై మీ కాలేజీ నియమం ఏమిటో ముందే కనుక్కోండి. మాటలు రికార్డు చేసేటట్లయితే మీ సొంత ఫోన్‌లో వద్దు, 2018 నాటి డేటా రక్షణ చట్టం కింద ఆ బాధ్యత కాలేజీది కాబట్టి, కాలేజీ ఒప్పుకున్న పరికరంలోనే చేసి, ఎప్పుడు చెరిపేస్తారో కూడా రాసిపెట్టండి. పేర్లు మార్చినంత మాత్రాన గుట్టు నిలవదు. ప్లంబింగ్ బ్యాచ్‌లో ఉన్నది ఒక్కతే అమ్మాయి అయితే, ఆమెకు ఏ పేరు పెట్టినా కాలేజీ మొత్తానికి తెలిసిపోతుంది.

మేనేజరు గారితో ఈ సంగతంతా నోటిమాటగా వదిలేయక ఒక ఈమెయిలుగా పంపండి. సాఫ్ట్‌వేర్ వాడుతున్నప్పుడు విద్యార్థులు ఎక్కడ ఆగిపోతున్నారో, దానికి పక్కన ఏ పాఠం ఉంటే అది అక్కరకొస్తుందో జూన్‌లో చెప్పగలనని, ఫలితాలు పెరిగాయో లేదో చెప్పడానికి ఒక తరగతి చాలదని, ఆగస్టుకు ముందు ఎవరూ చెప్పలేరని వినయంగానే రాయండి. కాలేజీ మొత్తానికి ఆ లెక్క కావాలంటే అన్ని తరగతుల అంకెలూ చూడగలిగిన వారే ఆ పని చేయాలి. నాకు తెలిసిన మేనేజర్లలో చాలామంది ఇలాంటి ఉత్తరానికి కోపగించుకోలేదు. పై అధికారుల దగ్గర చెప్పుకోవడానికి ఒక మాట దొరికిందని ఊపిరి పీల్చుకున్నారు. ఒకవేళ "మెరుగయ్యాయని రాస్తే చాలు" అన్న జవాబే వస్తే, రిపోర్టు మీద రిపోర్టు అనే రాసి ఇచ్చి, మీ రెండు గంటలను మీ నోటుపుస్తకానికి దాచుకోండి.

ఆ రెండు గంటలు ఎవరైనా సెలవు పెట్టినప్పుడు బదులు క్లాసుల కింద కరిగిపోతాయి, అందరికీ అదే జరుగుతుంది. టైమ్‌టేబుల్‌లో వాటికి ఒక గది నంబరు వేయించుకోండి. గది ఉన్న గంటను లాక్కోవడం కొంచెం కష్టం. చదవడానికి మూడు వ్యాసాలకు మించి పెట్టుకోకండి. 1996 నుంచి వస్తున్న రీసెర్చ్ ఇన్ పోస్ట్-కంపల్సరీ ఎడ్యుకేషన్ పత్రికలో వెతకండి, మీ లైబ్రరీలో లేకపోతే వ్యాసకర్తకే రాసి అడగండి, సాధారణంగా పంపిస్తారు. రాత నాలుగు పేజీలు చాలు, కానీ అందులో మార్పు పనిచేయని పిల్లల గురించి ఒక పేజీ ఉండాలి. పైన చెప్పిన రీసెర్చ్ నెట్‌వర్క్ ప్రాంతీయ సమావేశాల్లో నేను విన్నవాటిలో ఇప్పటికీ గుర్తున్నవి అలాంటి పేజీలే.

అన్నిటికంటే ముందు, క్రిస్మస్ సెలవుల్లోపు ఒక చిన్న పని. ఈ వారం క్లాసులో −3 − 5 ను బోర్డు మీద రాసి, జవాబు వద్దు, ఎలా చేస్తారో మాత్రం చీటీ మీద రాసివ్వమని అడగండి. పందొమ్మిది చీటీలు ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచి, మీ వారిని కూడా కూర్చోబెట్టి, ఏ చీటీ ఏ గుట్టలోకి వెళుతుందో ఆయననే తేల్చమనండి. చూసుకున్నాక వాటిని చించేయండి, అంగీకార పత్రాలు ఇంకా తీసుకోలేదు కదా.